తోకచుక్కల తాకిడి - అపోహలు, యథార్థములు

తోకచుక్క పొడిచినచో రాజు మారునని, కరువు వచ్చునని, మశూచి రేగునని పల్లెలలో పెద్దలు చెప్పుకొనుట నిన్న మొన్నటి మాట. ధూమకేతువను పేరే అమంగళమును స్ఫురింపజేయును. వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు కేతువుల కొరకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఆ శకునభయము ఇపుడు చాలవరకు సడలినది. కాని దాని చోట శాస్త్రవేషము ధరించిన మరియొక భయము వచ్చి కూర్చున్నది. తోకచుక్క భూమిని ముక్కలు చేయుననియు, దారి తప్పించుననియు, తోకలోని విషముతో జనులను చంపుననియు చెప్పుదురు. దీనికి ఎదురుగా, తోకచుక్క వట్టి పొగమంచు, దానివలన ఎవరికిని ఏమియు కాదను ధీమా ఇంకొకటి కలదు. ఈ రెండును తప్పులే. మూడు శతాబ్దములపాటు విద్యావంతులు సైతము ఒక తప్పునుండి మరియొక తప్పునకు ఊగులాడిన వృత్తాంతము తెలిసికొనదగినది.

తోకచుక్క గ్రహమును ఢీకొనుననెడు ఊహ పుట్టుటకు ముందు, అది గ్రహముల నడుమ తిరుగునదని తెలియవలసియుండెను. అరిస్టాటిల్ నాటినుండి ఐరోపావారు తోకచుక్కలను భూమిపైని గాలిలో మండెడు ఆవిరులని తలచిరి. 1577లో కనబడిన తోకచుక్కను డెన్మార్కునందు టైకో బ్రాహి కొలిచి, అది చంద్రునికంటె మిక్కిలి దూరమున నున్నదని నిరూపించెను. పిమ్మట న్యూటను సిద్ధాంతమును, దాని ననుసరించి ఎడ్మండ్ హాలీ వేసిన లెక్కలును వచ్చినవి. 1682నాటి తోకచుక్క 1758 ప్రాంతమున మరల వచ్చునని హాలీ చెప్పెను. అతడు మరణించిన పిమ్మట, 1758 డిసెంబరు 25న, అది కనబడెను.

తోకచుక్కల దారులు తెలియగానే, ఆ దారులు భూమి దారిని ఎచట దాటుచున్నవను ప్రశ్నయు పుట్టెను. తోకచుక్క తాకిడివలన జలప్రళయము సంభవించి యుండవచ్చునని 1694లో హాలీయే లండను రాయల్ సొసైటీవారి యెదుట చెప్పెను. 1696లో విలియం విస్టను ఒక గ్రంథమే వ్రాసి, తోకచుక్కనుండి కురిసిన నీరే బైబిలులోని ప్రళయమైనదనెను. 1749లో ఫ్రాన్సునందు బఫను ఇంకను ముందునకు పోయి, తోకచుక్క సూర్యుని గుద్దుకొనగా చెదిరిన ద్రవ్యమునుండి గ్రహములు పుట్టినవనెను. వీరందరును పండితులే. అయితే తోకచుక్క బరువెంతయో అప్పటికి ఎవరును తూచలేదు. ఆకాశమున అంత మేర పరచుకొనిన దానిని చూచి, వస్తువును అంతటిదే యనుకొనిరి.

ఇట్టి మాటలు గ్రంథములలో నున్నంతవరకు ఎవరికిని హాని లేదు. వీథిలోనికి వచ్చినపుడే చిక్కు. 1773 వసంతమున పారిస్ నగరమున జెరోం లాలాండ్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు భూమికి దగ్గరగా రాగల తోకచుక్కలనుగూర్చి ఒక వ్యాసము సిద్ధపరచెను. శాస్త్రసభలో దానిని చదువుటకు వేళ చాలలేదు. చదువని వ్యాసమునకు చదివినదానికంటె ఎక్కువ కాళ్లు వచ్చినవి! భూమి నాశనమగు దినమును లాలాండ్ లెక్కకట్టినాడని వదంతి పుట్టి నగరమంతయు అల్లుకొనెను. అతడు పత్రికాముఖమున సమాధానము చెప్పవలసివచ్చెను. తుదకు వ్యాసమునే అచ్చువేయించెను.

విచిత్రమేమన, ఆ భయమును తీర్పగల సాక్ష్యము అప్పటికి మూడేండ్ల క్రిందటనే ఆకాశమున కనబడి పోయెను. 1770 జూన్‌లో మెస్యే కనుగొనిన ఒక తోకచుక్క, జూలై 1న భూమికి సుమారు 22 లక్షల కిలోమీటర్ల దూరమునకు వచ్చెను. చంద్రుని దూరమునకు ఇది ఇంచుమించు 6 రెట్లు మాత్రమే. దాని కక్ష్యను లెక్కించిన లెక్సెల్ పేరే దానికి నిలిచినది. ఈ తోకచుక్క భూమియంత బరువున్నదైనచో, భూమికి సంవత్సరకాలము సుమారు 3 గంటలు పెరిగియుండవలెనని లాప్లాస్ తరువాత లెక్క చూపెను. సంవత్సరము కొలతకందునంతైనను మారలేదు. కావున తోకచుక్క బరువు భూమి బరువులో 5000వ వంతునకైనను రాదని తేలెను. ఇది పైహద్దు మాత్రమే. నిజమైన బరువు అంతకంటె ఎన్నో కోట్ల రెట్లు తక్కువ.

ఈ ఒక్క లెక్క గుర్తున్నచో అనేకములైన కట్టుకథలు వాటంతట అవియే రాలిపోవును. 1950లో ఇమ్మాన్యుయెల్ వెలికోవ్‌స్కీ అను నాతడు, గురుగ్రహమునుండి ఒక తోకచుక్క వెలువడి, భూమి పక్కగా పలుమార్లు పోయి, చివరకు శుక్రగ్రహమై స్థిరపడినదని వ్రాసిన గ్రంథము లక్షలకొలది ప్రతులు చెల్లిపోయినది. శుక్రుని బరువు భూమి బరువులో ఐదింట నాలుగు పాళ్లు. తోకచుక్క శుక్రుడగుట యనగా ఆవగింజ కొండయగుటకంటె ఎక్కువ మాట. గ్రంథము చెల్లుట వేరు, మాట చెల్లుట వేరు.

పందొమ్మిదవ శతాబ్దమున బీలా తోకచుక్క మరియొక పాఠము నేర్పినది. అది 1832 అక్టోబరు 29న భూమి దారిని దాటునని లెక్క తేలగానే ఐరోపాలో మరల గగ్గోలు పుట్టెను. దారి దాటుట నిజమే. కాని భూమి ఆ చోటికి చేరునది మరి ఒక నెలకు! రెండు బండ్లు ఒకే కూడలిని దాటినంతమాత్రమున గుద్దుకొనవు. ఒకే నిమిషమున దాటవలెను. ఆ సంగతి చెప్పుటకు జ్యోతిశ్శాస్త్రజ్ఞులకు ఎంతో శ్రమ పట్టినది. ఆ బీలా తోకచుక్కయే 1846లో కనులయెదుట రెండుగా చీలెను. 1852లో రెండు ముక్కలును దూరదూరముగా కనబడి, ఆపైన మరెన్నడును కానరాలేదు. 1872 నవంబరు 27 రాత్రి భూమి దాని దారిని దాటునపుడు ఆకాశమునుండి ఉల్కలు వానవలె కురిసినవి. చూచినవారికి కన్నులపండువైనది. ఒక్క పూరిల్లైనను కాలలేదు.

ఇక 1910. హాలీ తోకచుక్క తోకగుండా మే 18, 19 తేదీలలో భూమి పోవునని తెలిసెను. తోకలో సయనోజెన్ అను విషవాయువు ఉన్నట్లు వర్ణపటపరీక్షవలన అంతకు కొలది నెలల ముందే తేలియుండెను. ఆ వాయువు భూమిపై గాలిలో కలసి జీవులనెల్ల చంపునని ఫ్రెంచి పండితుడు ఫ్లమారియన్ చెప్పినట్లు పత్రికలు ప్రకటించినవి. అమెరికాలో కొందరు తలుపు సందులలో కాగితములు కుక్కుకొనిరి. తోకచుక్క విషమునకు విరుగుడని మాత్రలు అమ్మి సొమ్ము చేసికొనినవారును కలరు. నిజమేమి? తోక కోట్ల కిలోమీటర్ల పొడవుండును గాని, అందలి పదార్థము మనుష్యులు యంత్రములతో చేయగల శూన్యముకంటె పలుచన. భూమి దానిలోగుండా పోయిన సంగతి ఎవరి ముక్కునకును తెలియలేదు. ఆ దినముననే తోకచుక్క తల సూర్యబింబమునకు అడ్డముగా పోయెను. హవాయి దీవులనుండి దూరదర్శినితో కాచుకొనియున్నవారికి సూర్యునిపై చుక్కంత నల్లమచ్చయు కనబడలేదు. తల లోపలి గట్టి గడ్డ, అనగా కేంద్రకము, ఎంత చిన్నదో దీనివలన తెలియనగును. 1986 మార్చిలో ఐరోపావారి జియోట్టో నౌక దాని చెంతకు పోయి చూడగా, ఆ గడ్డ 15 కిలోమీటర్ల పొడవున, బొగ్గువలె నల్లగా ఉండెను.

తెలుగువారు గర్వింపదగిన సంగతి ఒకటి ఇచట చెప్పవలెను. లోకమంతయు బెదరిన ఆ 1910లోనే గురజాడ అప్పారావుగారు తమ 'ముత్యాల సరములు'లో ఈ తోకచుక్కను ప్రస్తావించి, అది అరిష్టసూచకమను భయమును త్రోసిపుచ్చి, సంఘసంస్కరణకు చిహ్నముగా భావించిరి. విజయనగరమున కూర్చుండిన ఒక కవికి గల నిబ్బరము పెద్ద నగరముల పత్రికలకు లేకపోయెను.

ఇంతవరకు భయమువలన కలిగిన తప్పులు. లెక్సెల్, బీలా, హాలీ తోకచుక్కలు మూడును భూమికి ఏమియు చేయకపోవుటచే పండితులలో రెండవ తప్పు వేరూనినది. తోకచుక్క దాదాపు శూన్యమే యని, తగిలినను నష్టము లేదని చాలమంది నిశ్చయించుకొనిరి. కాని ఆ మూడింటిలో ఏదియు భూమిని తాకలేదు. దగ్గరగా పోవుట వేరు, తాకుట వేరు.

చంద్రునిపైని గుంటల విషయమునను ఇట్టి పొరపాటే జరిగెను. అవి ఆకాశమునుండి పడిన వస్తువులవలన ఏర్పడినవని ఎవరైన చెప్పినచో, "అట్లయిన అన్నియు గుండ్రముగా ఏల ఉన్నవి? ఏటవాలుగా విసరిన రాయి బురదలో పొడుగాటి గాడి చేయవలెను గదా!" అని ఎదుటివారు అడుగుచుండిరి. ప్రశ్న సహేతుకముగనే తోచును. దీనికి జవాబు వేగములో నున్నది. తుపాకిగుండు సాధారణముగా సెకనునకు ఒక కిలోమీటరు లోపుగా పోవును. తోకచుక్క సెకనునకు 50, 60 కిలోమీటర్లు పోవును. సెకనునకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు ఒక కిలో మంచుగడ్డలో 400 కిలోల పేలుడుమందునకు మించిన శక్తి ఇమిడియుండును. అంత శక్తి ఒక్కసారిగా వేడిగా మారుటచే, వచ్చిన వస్తువు గుచ్చుకొనదు, పేలును. పేలుడు నలుదిక్కులకు సమానముగా తన్నును గనుక, మిక్కిలి వాలుగా వచ్చినపుడు తప్ప, గుంట గుండ్రముగానే యుండును. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున 1.2 కిలోమీటర్ల వెడల్పున నున్న పెద్దగుంట అగ్నిపర్వతము కాదని, ఆకాశమునుండి పడిన లోహశిల పేలుటవలన ఏర్పడినదని, అందలి రాళ్లలో మారిన ఖనిజమును చూపి 1960లో యూజీన్ షూమేకరు మొదలైనవారు నిరూపించిరి.

అన్ని తాకిడులును గుంటలు చేయుననుటయు తప్పే. 1908 జూన్ 30 ఉదయమున సైబీరియాలోని తుంగుస్కా నదీప్రాంతమున ఆకాశమున ఒక మహావిస్ఫోటనము జరిగెను. 2000 చదరపు కిలోమీటర్లకు మించిన అడవి నేలకొరగెను. 1927లో కులిక్ అను రష్యను పండితుడు అచటికి పోయి ఎంత వెదకినను గుంట లేదు. మధ్యనున్న చెట్లు కొమ్మలు రాలి నిలువుననే నిలిచియుండెను. వచ్చిన వస్తువు కొన్ని కిలోమీటర్ల ఎత్తుననే పేలిపోయినది. అది తోకచుక్క ముక్కయా, రాతి గ్రహశకలమా అను వాదము నేటికిని నడచుచున్నది. జనసమ్మర్దము గల తావున పడియుండినచో ఆ వాదము ఇంత తీరికగా నడచియుండెడిది కాదు.

తోకచుక్క గ్రహమును తాకుటను మానవులు కన్నులార చూచినది 1994లో. 1993 మార్చిలో అమెరికాలోని పాలొమార్ పర్వతముపై యూజీన్ షూమేకరు, అతని భార్య కెరొలిన్, డేవిడ్ లెవీ అను మిత్రుడు ఆకాశమును ఫొటోలు తీయుచుండిరి. ఫిలిములు కొన్ని వెలుతురు సోకి అంచులు పాడైనవి. ఆకాశమును మబ్బుగా నుండెను. మంచి ఫిలిము వ్యర్థము చేయనేల యని పాడైనవానినే వాడగా, వానిలో నలిగినట్లున్న ఒక తోకచుక్క కెరొలిన్ కంటబడెను. తరువాత పెద్ద దూరదర్శినులతో చూచినవారికి అది పూసలదండవలె వరుసలోనున్న ఇరువదికి పైగా ముక్కలని తెలిసెను. అది సూర్యుని చుట్టు కాక గురుని చుట్టు తిరుగుచుండెను. 1992 జూలైలో గురునికి మరీ దగ్గరగా పోయినపుడు, ఆ మహాగ్రహము ఆకర్షణ దగ్గరి వైపును గట్టిగాను దూరపు వైపును తక్కువగాను లాగుటచే ముక్కలైనది. ముక్కలన్నియు 1994 జూలైలో గురునిపై పడునని లెక్క తేలెను.

ముందుగా తెలిసిన తాకిడి చరిత్రలో ఇదియే మొదటిది. కావున పాత అపోహలు రెండును ఒకేసారి మేల్కొన్నవి. గురుడు హైడ్రోజను గోళము గనుక అంటుకొని రెండవ సూర్యుడగునని కొందరు భయపడిరి. మండుటకు ప్రాణవాయువు కావలెను. అది గురునియందు విడిగా లేదు. సూర్యుని మంట అట్టి మంటయు కాదు. అది పరమాణుగర్భములు కలియుటవలన పుట్టునది. ఆ పని జరుగుటకు గురుడు ఇపుడున్నదానికి సుమారు 80 రెట్లు బరువు పెరుగవలెను. వచ్చిన తోకచుక్క, ముక్కలు కాకముందు, రెండు కిలోమీటర్లకు మించనిది. ఏనుగుపై దోమ వాలుట యను పోలికయు ఇచట చాలదు. ఏనుగుపై దుమ్ముకణము వాలుట యనవలెను. ఇక రెండవ పక్షమువారు, ముక్కలు చడీ చప్పుడు లేక గురుని మబ్బులలో మునిగిపోవునని, దూరదర్శినులు త్రిప్పుట దండుగయని చెప్పిరి. వీరిలో మంచి శాస్త్రజ్ఞులును ఉండిరి.

1994 జూలై 16న మొదటి ముక్క పడెను, 22న చివరిది. సెకనునకు 60 కిలోమీటర్ల వేగమున, గురుని దక్షిణార్ధగోళమున, భూమికి కనబడని ఆవలి అంచున అవి పడినవి. గురుడు 10 గంటలలో ఒకసారి తన చుట్టు తాను తిరుగును గనుక, పడిన కొంతసేపటికే ఆ తావులు ఇటు తిరుగుచు వచ్చినవి. అప్పటికి గురునికి 24 కోట్ల కిలోమీటర్ల దూరముననున్న గెలీలియో నౌకకు మాత్రము పడునపుడే నేరుగా కనబడెను. అగ్నిగోళము మొదట సూర్యుని ఉపరితలముకంటె వేడిగా నుండెను. ఎగిసిన ధూళిస్తంభము మబ్బులపై 3000 కిలోమీటర్ల ఎత్తు లేచి, మరల కూలెను. కూలునపుడు పుట్టిన వేడిమి మొదటి మెరపుకంటె ఎక్కువకాలము పరారుణ దూరదర్శినులకు కనబడెను. జూలై 18న పడిన పెద్ద ముక్కవలన ఏర్పడిన నల్లమచ్చ సుమారు 12000 కిలోమీటర్ల వెడల్పున, ఇంచుమించు భూమియంత ఉండెను. అందు వెలువడిన శక్తి లోకమందలి అణ్వాయుధములన్నిటి శక్తికి కొన్ని వందల రెట్లని అంచనా. చిన్న దూరదర్శిని గలవారు కూడ తమ దొడ్డివాకిటినుండి ఆ మచ్చలు చూడగలిగిరి.

గురునికి ఏమైనది? దారి తప్పలేదు, అంటుకొనలేదు, చీలలేదు. కొన్ని మాసములకు మచ్చలు గాలులలో చెదిరి మాసిపోయినవి. అయినను గుర్తు మిగులలేదనుటయు సరికాదు. గురుని పై వాతావరణములోని నీటి ఆవిరిలో ఎక్కువ పాలు ఆ 1994నాటి తోకచుక్క వదలిపోయినదేయని హెర్షెల్ అంతరిక్ష దూరదర్శిని కొలతలనుబట్టి 2013లో తేల్చిరి. గ్రహము చెక్కుచెదరలేదు గాని, ఆ మచ్చ క్రింద అడవులు, పొలములు, ఊళ్లు ఉండినచో అవి మిగిలియుండెడివి కావు. తోకచుక్క భూమిని బ్రద్దలు చేయలేదు. భూమిపై బ్రదుకును బ్రద్దలు చేయగలదు. ఈ రెండు మాటలకు గల తేడా తెలియకపోవుటవలననే పాత వదంతులన్నియు పుట్టినవి.

ఈ ఘట్టము తరువాత మరియొక కొత్త నమ్మకము ప్రచారములోనికి వచ్చెను. గురుడు భూమికి కావలివాడని, వచ్చు తోకచుక్కలనెల్ల తానే మ్రింగి భూమిని కాపాడుచున్నాడని పలువురు వ్రాసిరి. ఇందు సగమే నిజము. లెక్సెల్ తోకచుక్కనే చూడుడు. 1767లో గురునికి దగ్గరగా పోయినపుడే దాని దారి మారి భూమివైపు వచ్చినది. 1779లో మరల గురుని చెంతకు పోగా, అతడే దానిని దూరముగా విసరివేసెను. ఆపైన అది కనబడలేదు. ఊరి వాకిట కాపలా ఉన్నవాడే ఒకొక్కప్పుడు దొంగకు దారి చూపినట్లున్నది!

రాక్షసబల్లులను తోకచుక్క చంపినదనుట ఇంకొక వాడుక మాట. 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట మెక్సికోలోని చిక్షులూబ్ వద్ద ఒక పెద్ద వస్తువు పడి సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గుంట చేసినమాట నిజము. 1980లో అల్వారెజ్ తండ్రికొడుకులు మొదలైనవారు ఆనాటి మట్టిపొరలో ఇరీడియము అను అరుదైన లోహము ఎక్కువగా నుండుట చూపి ఈ సంగతి వెలికి తెచ్చిరి. కాని ఆ పొరలోని లోహముల తీరునుబట్టి చూడగా, వచ్చినది తోకచుక్క కాక, బొగ్గుపదార్థము గల గ్రహశకలమని ఎక్కువ సాక్ష్యము చెప్పుచున్నది. అపరాధి ఒకరు, అపవాదు మరియొకరికి.

భయమునకును ధీమాకును నడుమ ఏమి చేయవలెనో చూపిన ఘట్టము ఒకటి 2014లో నడచినది. అంతకు ముందు సంవత్సరము కనుగొనబడిన సైడింగ్ స్ప్రింగ్ అను తోకచుక్క కుజునిపై పడవచ్చునని మొదట అనుకొనిరి. కొలతలు కుదిరినకొలది అది తప్పిపోవునని, ఐనను సుమారు 1 లక్ష 40 వేల కిలోమీటర్ల దూరమున పోవునని తేలెను. ఇది భూమికి చంద్రునికి గల దూరములో సగముకంటె తక్కువ. అప్పటికి భారతదేశపు మంగళయాన్ నౌక కుజుని చేరి నెల కూడ నిండలేదు. తోకచుక్క గడ్డ తగులదని తెలియును. కాని దాని వెంట వచ్చు ధూళి సెకనునకు 56 కిలోమీటర్ల వేగమున పోవునది. ఆ వేగమున ఇసుకరేణువు తగిలినను నౌకకు గండము. కావున బెంగుళూరులోని ఇస్రోవారు ముందుగనే నౌక గతిని సవరించి, అక్టోబరు 19న ధూళి దట్టముగా వచ్చు వేళకు అది కుజుని చాటున ఉండునట్లు చేసిరి. అమెరికావారును తమ నౌకలను అట్లే నడపిరి. తోకచుక్క దాటిపోయెను. మంగళయాన్ చాటునుండి వెలువడి, 2022లో సంబంధము తెగిపోవువరకు కుజుని చుట్టు తిరుగుచు తన పని తాను చేసినది.